రేటు తెలీనప్పుడు పంట ఎంచుకోడం, ధాన్యం అమ్ముకోడం ఎలా (విశాఖ జిల్లా పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు రైతులకి)

నూర్పులు మొదలయ్యేసరికి ప్రతి ఊళ్లోనూ ఒకటే మాట, రేటు పెరుగుతుందా, ఇప్పుడే ఇచ్చెయ్యాలా, సంక్రాంతి దాటేదాకా ఉంచితే ఏమైనా మిగులుతుందా అని. దీనికి ఖచ్చితంగా సమాధానం చెప్పేవాడు ఎవడైనా ఉంటే వాడు ఈపాటికి మిల్లు కొనుక్కుని ఉండేవాడు, మన పక్కన కూర్చుని టీ తాగడు. 2023 జులైలో కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, 2024 సెప్టెంబర్ ఆఖర్లో మళ్లీ వదిలింది. రెండూ ఢిల్లీలో రాత్రికి రాత్రి తీసుకున్న నిర్ణయాలు, కాకినాడ రేవులో బియ్యం ఎక్కించేవాళ్లకి కూడా ముందు తెలీదు, ఇంక పద్మనాభంలో ఉన్న మనకేం తెలుస్తుంది. అందుకే నేను రేటు గురించి జోస్యం చెప్పను. రేటు ఎటు పోయినా మనం మునిగిపోకుండా ఉండటానికి విత్తనం కొనే ముందు ఒక లెక్క, కోత అయ్యాక ఇంకో లెక్క ఉంటాయి, అవి ఎలా వేసుకోవాలో చెప్తాను.

ముందు బస్తా సంగతి తేల్చుకోండి

మన వైపు ఊళ్లో బస్తా అంటే 80 కేజీలు. పేపర్లో, ప్రభుత్వం ప్రకటనల్లో 75 కేజీల బస్తా. మద్దతు ధర ప్రకటించేది క్వింటాకి. ఇప్పుడు మిల్లరు మనిషి వచ్చి "పద్దెనిమిది వందలు ఇస్తాను" అన్నాడనుకోండి, 75కా 80కా అన్నది అడక్కపోతే అక్కడే ఐదు కేజీలు పోయినట్టు. 2025-26 ఖరీఫ్ సీజన్‌కి వరి మద్దతు ధర మామూలు రకం క్వింటా 2369, ఏ గ్రేడు 2389. దీన్ని 75 కేజీలకి లెక్కేస్తే 1777, 1792 వస్తుంది. అదే 80 కేజీలకి అయితే 1895, 1911. ఈ నాలుగు అంకెలూ గోడ మీద రాసిపెట్టుకోండి, ప్రతి ఏడాదీ జూన్ ప్రాంతంలో కొత్తవి ప్రకటిస్తారు, అప్పుడు చెరిపేసి కొత్తవి రాసుకోవచ్చు. ఎవరు ఏ రేటు చెప్పినా ముందు "కేజీకి ఎంత పడింది" అని భాగించి చూడండి, ఫోన్లో క్యాలిక్యులేటర్ అందరికీ ఉంది.

మీ బస్తా మీకెంతకి పడింది

ఇది వేసుకోకుండా ఏ పంట మంచిది అని అడిగి లాభం లేదు. ఎకరానికి పెట్టిన ప్రతి రూపాయీ ఒక నోట్‌బుక్కులో రాయాలి, ఆకుమడికి విత్తనం, దమ్ముకి ట్రాక్టర్, ఉభాలకి, అంటే నాట్లకి కూలి, వాళ్లకి టీ టిఫిన్లు, యూరియా, డీఏపీ, మందు పిచికారీ, కలుపు, కోత మిషన్ అద్దె, కళ్లం నుంచి ఇంటికి బండి కిరాయి. ఇవన్నీ అందరూ రాస్తారు. ఎవరూ రాయనిది ఏంటంటే ఇంట్లోవాళ్ల పని. గట్టు వేసింది మీరు, నీళ్లు కట్టింది మీ అబ్బాయి, ఆరబెట్టింది మీ ఆవిడ, ఇదంతా ఉచితం అనుకుంటే లాభం వచ్చినట్టే కనిపిస్తుంది, బయట మనిషిని పెడితే ఎంత ఇస్తారో అంత వేసుకోండి.

ఉదాహరణకి ఎకరానికి చేతి నుంచి పెట్టింది 30 వేలు, ఇంట్లోవాళ్ల పని 4 వేలు, మొత్తం 34 వేలు అనుకుందాం. 80 కేజీల బస్తాలు 22 వచ్చాయి. బస్తా మీకు 1545కి పడింది. మద్దతు ధర 1895 వస్తే బస్తాకి 350 మిగిలింది, బయట 1750కే ఇచ్చినా నష్టం లేదు. ఇప్పుడు అదే చేలో దోమ కొట్టి 16 బస్తాలే వచ్చాయనుకోండి, బస్తా 2125కి పడుతుంది, పూర్తి మద్దతు ధర వచ్చినా మునిగినట్టే. దీన్ని ఇంకోలా చూడండి, రేటు బస్తాకి వంద పడిపోతే ఎకరానికి పోయేది 2200, అదే దిగుబడి మూడు బస్తాలు తగ్గితే పోయేది 5700. మనం మాత్రం పొద్దస్తమానం రేటు గురించే మాట్లాడుకుంటాం, దోమ మందు నాలుగు రోజులు ఆలస్యం చేస్తాం.

కౌలు రైతుకి లెక్క ఇంకా ఘోరం. ఆ 22 బస్తాల్లో 8 బస్తాలు కౌలుకి కొలిచేస్తే మిగిలేది 14, అప్పుడు బస్తా 2428 పడింది. అంటే వరి ఒక్కదాని మీద కౌలు రైతు, సొంత కష్టానికి కూలి కూడా కలుపుకుంటే, మద్దతు ధరకి అమ్మినా గిట్టుబాటు అవ్వదు. అందుకే కౌలు మాట్లాడుకునేటప్పుడే రెండో పంటగా వేసే అపరాలు, అంటే మినుము పెసర, ఎవరివి, గడ్డి ఎవరిది, తుఫాను పడితే కౌలులో ఎంత తగ్గిస్తారు అన్నవి నలుగురి ముందు తేల్చుకోండి. తరవాత మొహమాటపడి లాభం లేదు. గడ్డి అంటే తేలిగ్గా తీసుకోకండి, పాడి ఉన్న ఊళ్లలో చేత్తో కోసిన గడ్డికి మంచి ధర ఉంది, మిషన్ కోతలో ముక్కలైపోయిన గడ్డికి అంత ఉండదు.

ఏ పంట, ఏ రకం

పల్లం భూమిలో ఖరీఫ్‌కి వరి తప్ప ఇంకోటి పెట్టలేం, నీళ్లు నిలబడిపోతాయి, కాబట్టి అక్కడ ఎంచుకోవాల్సింది పంట కాదు రకం. రకం ఎంచుకునేటప్పుడు మూడు చూడాలి, ఎన్ని రోజుల పంట, గాలికి పడిపోతుందా లేదా, మన దగ్గర కొనేవాడు దేన్ని అడుగుతున్నాడు. స్వర్ణ, అదే 7029, ఇంచుమించు 150 రోజులు. శ్రీకాకుళం సన్నాలు, 2537, అది కూడా ఎక్కువ రోజుల పంటే. 1010, 1121 లాంటివి 120 నుంచి 125 రోజుల్లో చేతికొస్తాయి, 1121 కాండం గట్టిది, అంత తొందరగా పడిపోదు. మన దగ్గర చెరువులు నిండేది ఆలస్యం, ఉభాలు ఆగస్టు ఆఖరికి జారిన ఏడాది 150 రోజుల రకం పెడితే కోత డిసెంబర్లో పడుతుంది, అప్పటికి నేలలో తడి పోతుంది, వెనకాల మినుము సరిగా మొలవదు. అదే తక్కువ రోజుల రకం పెడితే మినుముకి టైమ్ దొరుకుతుంది. అంటే వరి రకం నిర్ణయించేటప్పుడే మీరు రెండో పంటని కూడా నిర్ణయించేస్తున్నారు.

తుఫాను సంగతి వేరే చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చింది, మిచాంగ్ 2023 డిసెంబర్ మొదటి వారంలో వచ్చింది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఏ తేదీ కూడా క్షేమం కాదు. అందుకని ఐదెకరాలు ఉన్నవాళ్లు అంతా ఒకే రకం ఒకే వారంలో ఊడ్చేయకుండా సగం తక్కువ రోజులది సగం ఎక్కువ రోజులది పెట్టుకుంటే ఒక గాలికి మొత్తం పడిపోదు, పైగా ధాన్యం కూడా రెండు విడతలుగా చేతికొస్తుంది, అమ్మకం కూడా దానంతట అదే రెండు ముక్కలవుతుంది. ఎకరం ఎకరన్నర ఉన్నవాళ్లకి ఇది కుదరదు, మిషన్ వాడు చిన్న ముక్కకి రెండుసార్లు రాడు, అలాంటివాళ్లు పక్కచేను వాళ్లతో కలిసి ఒకే రకం పెట్టుకుని ఒకేసారి కోయించుకోడమే మంచిది.

కొనేవాడిని ముందు అడగండి అన్నది మాత్రం మర్చిపోవద్దు. సన్నాలకి బయట రేటు బాగుందని ఊరంతా సన్నాలే వేస్తే ఆ ఏడాది అదే దిగిపోతుంది, ఇది ప్రతిసారీ జరిగే తంతే. విత్తనం కొనే ముందు దగ్గర్లో ఉన్న ఇద్దరు ముగ్గురు మిల్లుల వాళ్లని, రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడిని అడిగితే పోయేదేం లేదు.

వరి వెనకాల అపరాలు, ఇది నా లెక్కలో మన ప్రాంతానికి అన్నిటికన్నా తెలివైన పెట్టుబడి. మినుము గానీ పెసర గానీ వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో జల్లేస్తాం, దున్నడం లేదు, ఎరువు లేదు, నీళ్లు లేవు, మంచుకే పండుతుంది. విత్తనం, రెండు మందులు, పీకుడు కూలి కలిపి ఎకరానికి ఎనిమిది వేలు అయిందనుకోండి, క్వింటా ఏడు వేలకి అమ్మినా క్వింటా పైన పావు వస్తే ఖర్చు తేలిపోయింది, మూడు క్వింటాలు వస్తే పండగే. 2025-26కి మినుము మద్దతు ధర క్వింటా 7800, పెసలు 8768. కానీ రెండు తిరకాసులున్నాయి. మిషన్‌తో కోయించేవాళ్లు ముందే జల్లితే చక్రాల కింద మొలక నలిగిపోతుంది, నేల కాస్త గట్టిపడేదాకా ఆగి కోయించాలి, లేకపోతే కోత అయిన వెంటనే తడి ఉండగా జల్లాలి. రెండోది పల్లాకు తెగులు, ఆకులు పసుప్పచ్చగా మారిపోతే ఇంక ఏ మందూ పని చెయ్యదు, తట్టుకునే రకం ముందే వేసుకోవాలి, తెల్లదోమని మొదట్లోనే ఆపాలి. మినుము రేటు బర్మా నుంచి వచ్చే సరుకు మీద కూడా ఆధారపడి ఉంటుంది, సుంకం లేకుండా దింపుకోనిస్తే మన గింజ ధర ఎక్కదు. అయినా పెట్టుబడి తక్కువ కాబట్టి రేటు దిగినా మనిషి లేస్తాడు.

బోరు ఉన్నవాళ్లు రబీలో మొక్కజొన్న వేస్తున్నారు. ఆనందపురం, పెందుర్తి వైపు కోళ్ల ఫారాలు ఉన్నాయి కాబట్టి దాణాకి కొనేవాడు దగ్గరే ఉంటాడు, అది పెద్ద సౌకర్యం. కానీ ఇథనాల్ వాళ్లు కొంటున్నారు కాబట్టి రేటు ఇంక దిగదు అని 2024లో అందరూ అన్నారు, 2025లో మద్దతు ధర 2400 ఉండగానే చాలా మార్కెట్లలో దానికన్నా బాగా కిందకి పోయింది. మొక్కజొన్న ఎరువు ఎక్కువ తింటుంది, పెట్టుబడి వరికి ఏమాత్రం తక్కువ కాదు, కాబట్టి ఎకరానికి ఎన్ని క్వింటాలు వస్తే, క్వింటా 1800కి పోయినా ఖర్చు తేలుతుందో ముందు చూసుకోండి, ఆ దిగుబడి మీ చేను ఎప్పుడూ ఇవ్వలేదంటే వెయ్యకండి.

గరువు భూములకి, అంటే మెట్టకి, చోడి, అదే రాగి. విజయనగరం పరిశోధన స్థానం వాళ్ల వేగవతి, గోస్తనీ లాంటి రకాలు ఉన్నాయి, 2025-26 మద్దతు ధర క్వింటా 4886, అంకె చూస్తే వరికి రెండింతలు. కానీ మద్దతు ధర ప్రకటించడం వేరు, మీ ఊళ్లో కాటా పెట్టి కొనడం వేరు, అది గుర్తుపెట్టుకోవాలి. చోడికి నేను చెప్పేది ఏంటంటే సిటీలో నేరుగా కొనేవాళ్లని చూసుకోండి, షుగర్ వచ్చిన ప్రతి ఇంట్లో ఇప్పుడు అంబలి కాస్తున్నారు, శుభ్రంగా జల్లించి ఐదు కేజీల సంచుల్లో పెట్టి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో అమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లకి మద్దతు ధరతో పనే లేదు.

చెరకు గురించి ఎక్కువ చెప్పను. మన చుట్టుపక్కల చక్కెర ఫ్యాక్టరీలు మూతపడుతూ వచ్చాక మిగిలింది బెల్లం, అనకాపల్లి మార్కెట్. 2025-26 సీజన్‌కి కేంద్రం చెరకుకి ప్రకటించిన ధర క్వింటా 355, అదీ చెరకు నుంచి వచ్చే పంచదార, అంటే రికవరీ, పది పాయింట్ ఇరవై ఐదు శాతం ఉంటే, ఫ్యాక్టరీ ఆడితేనే. బెల్లం వండే మనుషులు, నరికే మనుషులు దొరుకుతారు అనుకుంటేనే దిగండి. సరుగుడు వేస్తే నాలుగైదేళ్లు డబ్బు కనిపించదు, ఉద్యోగం ఉండి ఊరు చూసుకోలేనివాళ్లకి అది బాగుంటుంది, పొలం మీదే బతికేవాళ్లకి కాదు.

వీటన్నిటి పక్కన ఒక ఇరవై ముప్పై సెంట్లు వారం వారం డబ్బు తెచ్చేదానికి వదలండి, బెండ, ఆనప, బంతి, ఏదైనా. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతు బజార్లు గంటన్నర దూరంలో ఉన్నాయి, ఆనందపురం పూల మార్కెట్ ఉంది, మార్గశిర మాసం గురువారాలు కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి జనం పోటెత్తినప్పుడు పూలకి గిరాకీ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఇందులో లక్షలు రావు. కానీ కోత మిషన్ వాడికి ఇవ్వడానికి చేతిలో ఐదు వేలు ఉన్న రైతు ధాన్యం కంగారుగా అమ్మడు, అసలు ప్రయోజనం అది.

నాటగానే చెయ్యాల్సిన కాగితం పని

ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ చేలో ఏ పంట వేశారో ప్రభుత్వ జాబితాలో ఎక్కించుకోవడం, దాని వెనకాల ఈకేవైసీ. ఇది లేకపోతే ప్రభుత్వానికి ధాన్యం అమ్మలేరు, పంట పోతే పరిహారం రాదు, తరవాత ఎవరి కాళ్లు పట్టుకున్నా కుదరదు. నమోదు అయ్యాక జాబితాలో సర్వే నంబర్, ఎకరాలు, పంట పేరు మీ కళ్లతో చూడండి. ఎకరం ఇరవై సెంట్లు ఉంటే ఎనభై సెంట్లని పడిపోవడం, వరి వేస్తే సరుగుడు అని ఉండిపోవడం మామూలే, అది అమ్మకం రోజున బయటపడితే ఏడుపే.

కౌలుదారులు సీసీఆర్‌సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కు పత్రం, తీసుకోండి, పదకొండు నెలలకి ఇస్తారు, భూమి యజమాని సంతకం కావాలి. చాలామంది ఓనర్లు భూమి పోతుందేమోనని భయపడి సంతకం పెట్టరు, ఆ కార్డు పంట మీద హక్కు మాత్రమే, భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది, వీఆర్వో చేత చెప్పిస్తే కొందరు వింటారు.

పంట బీమాకి రైతు వాటా ఖరీఫ్ ఆహార పంటలకి 2 శాతం, రబీకి 1.5 శాతం దాటదు. కోసి చేలో పరిచిన పనలు తుఫానుకి తడిసినా 14 రోజుల లోపు అయితే బీమాలోకి వస్తుంది, కానీ 72 గంటల్లో చెప్పాలి, 14447కి ఫోన్ చెయ్యొచ్చు. నీళ్లలో తేలుతున్న పనల ఫోటో తీసి ఉంచుకోండి, లొకేషన్ ఆన్ చేసి మరీ.

కోత, తేమ, తరుగు

అమ్మకంలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, అందుకే కాస్త సాగదీసి చెప్తాను. ప్రభుత్వం కొనేదానికి తేమ 17 శాతం దాటకూడదు. మట్టి రాళ్లు 1 శాతం, చెత్త తాలు లాంటివి 1 శాతం, పచ్చి గింజ ముడుచుకున్న గింజ 3 శాతం, రంగు మారినవి మొలకెత్తినవి కలిపి 5 శాతం, వేరే రకం కేళీలు 6 శాతం లోపు ఉండాలి. మిషన్ కోత ధాన్యం 20, 22 తేమతో వస్తుంది, చలికాలం మంచులో కోస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి మంచు ఆరాక పది దాటిన తరవాత కోయించండి, విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ చూసి వారం అంతా ఎండ ఉందంటే రెండు రోజులు ఆగండి, అల్పపీడనం అంటే మాత్రం పచ్చిదైనా కోసేసి బరకాల మీదకి తెచ్చుకోండి.

ఇప్పుడు తరుగు లెక్క. 80 కేజీల బస్తా 22 శాతం తేమతో ఉంటే, 17కి ఆరాక 75 కేజీల చిల్లర మిగులుతుంది, అంటే ఐదు కేజీలు అందులో నీళ్లే. 20 ఉంటే మూడు కేజీలు, 19 ఉంటే రెండు, 18 ఉంటే ఒక్క కేజీ. గుర్తుపెట్టుకోడం తేలిక, 17 పైన ఎన్ని పాయింట్లుంటే బస్తాకి అన్ని కేజీలు. 22 ఉన్న ధాన్యానికి ఐదు కేజీలు తీశాడని కొనేవాణ్ని తిట్టుకోవడం న్యాయం కాదు, వాడు నీళ్లకి డబ్బు ఇవ్వడు. 18 ఉన్నదానికి ఐదు తీస్తే అది దోపిడీ.

మా వైపు కళ్లంలో బేరం ఎలా నడుస్తుందో చూడండి. కొనడానికి వచ్చినతను గింజ నోట్లో వేసుకుని కొరికి ఉమ్మేస్తాడు.

"మెత్తగా ఉందేటి మావా, బస్తాకి ఆరు కేజీలు తియ్యాల, లేకపోతే మిల్లులో దించరు."

"నీ పళ్లకేటి తెలుస్తాది బాబూ, మిషను పెట్టు ముందు."

"మిషను తేలేదు మావా, నన్ను నమ్మవేటి?"

"నమ్ముతాను గానీ, మా అల్లుడు సేవా కేంద్రం నుంచి తెస్తన్నాడు, కూకో, టీ తాగు."

మీటర్ వచ్చాక మూడు బస్తాల్లోంచి, పైన ఎండ తగిలిన గింజ కాదు, చెయ్యి లోపలికి పెట్టి మధ్యలోంచి తీసి చూస్తే పంతొమ్మిదిన్నర. రెండున్నర కేజీలు రావాలి, మూడు దగ్గర ఒప్పుకున్నారు, టీ ఖర్చు మావయ్యది. ఆరుకీ మూడుకీ తేడా వంద బస్తాల మీద మూడు వందల కేజీలు, అంటే దాదాపు నాలుగు బస్తాల ధాన్యం, ఏడు వేల రూపాయలు. ఊళ్లో పది మంది కలిసి ఒక తేమ మీటర్ కొనుక్కుంటే మొదటి సీజన్‌లోనే దాని ఖర్చు వచ్చేస్తుంది.

కాటా సరిగ్గా ఉందో లేదో చూడటానికి రాళ్లు వెతకక్కర్లేదు, విప్పని యూరియా బస్తా తెచ్చి పెట్టండి, అందులో 45 కేజీలు ఉంటుంది, సంచి బరువు ఏదో కొంచెం పైన. 43 చూపించిందంటే ఆ కాటా మీద తూకం వెయ్యొద్దు. ఖాళీ గోనెసంచి అర కేజీ పైనే ఉంటుంది, ప్లాస్టిక్ సంచి వంద గ్రాములు ఉంటుంది, సంచికి ఎంత తీస్తున్నారో కూడా చూడండి, ప్లాస్టిక్ సంచిలో కొని గోనెసంచి బరువు తీసేవాళ్లున్నారు.

ఎవరికి అమ్మాలి

ప్రభుత్వానికి అయితే రైతు సేవా కేంద్రంలో పేరు రాయించి, శాంపిల్ చూపించి, తేదీ తీసుకుని, గోనెసంచులు తెచ్చుకుని, నింపి, లారీ ఎక్కించి, ట్రక్ షీట్ తీసుకోవాలి. ట్రక్ షీట్ చేతికి రాకుండా లారీ కదలనివ్వకండి, ఫోటో కూడా తీసుకోండి, అందులో బస్తాలు, బరువు, మిల్లు పేరు ఉంటాయి. కేంద్రంలో చూసిన తేమ శాతం కాగితం మీద రాయించుకుంటే మిల్లు దగ్గర మళ్లీ తడి ఉందని ఫోన్ వచ్చినప్పుడు మాట్లాడ్డానికి ఒక ఆధారం ఉంటుంది. బ్యాంక్ ఖాతాకి ఆధార్ లింక్ అయిందో లేదో కోతకి ముందే చూసుకోండి, రెండు మూడు ఖాతాలు ఉన్నవాళ్లకి డబ్బు ఏదో పాత ఖాతాలో పడి వెతుక్కోవడం ప్రతి ఏడాదీ చూస్తున్నాం. సంచులు దొరక్కపోవడం, లారీ రాకపోవడం ఉంటాయి, మొదటి వారంలో పేరు ఇచ్చినవాడికి ఆఖర్లో ఇచ్చినవాడికన్నా ఇబ్బంది తక్కువ, అంతే చెప్పగలను.

బయట అమ్మితే డబ్బు వెంటనే, తేమ గురించి పట్టింపు తక్కువ, కళ్లంలోంచే పట్టుకెళ్తారు. రేటు తక్కువ. ఎంత తక్కువైతే బయట ఇవ్వొచ్చు అన్నదే లెక్క. ఆరబెట్టడానికి కూలి, బరకాల అద్దె, హమాలీ, కళ్లం దగ్గర కాపలా, ఇవన్నీ కలిపి బస్తాకి ఎనభై వంద పడుతుంది అనుకుంటే, అంతవరకూ తేడా ఉన్నా బయట ఇచ్చెయ్యడంలో తప్పు లేదు, ముఖ్యంగా అల్పపీడనం ఉన్నప్పుడు. తేడా రెండు వందలు దాటితే మాత్రం ఆరబెట్టుకోండి. ఇంకో రకం ఉంది, ఎరువులు అప్పిచ్చిన షాపు ఆయనకే ధాన్యం ఇవ్వాలనే ఒప్పందం. అక్కడ వడ్డీ వేరేగా కనిపించదు, ఎరువు బస్తా మీద కాస్త ఎక్కువ, ధాన్యం బస్తా మీద కాస్త తక్కువ, కాటాలో ఇంకాస్త. ఆ మూడూ కలిపి చూస్తే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి నగదు పెట్టి ఎరువు కొన్నా అంతకన్నా చవకే అవుతుంది చాలామందికి. కిసాన్ క్రెడిట్ కార్డు లోన్ అయితే ఇంకా నయం, మూడు లక్షల లోపు 7 శాతం, గడువులోపు కట్టేస్తే 4 శాతమే పడుతుంది.

ఉంచాలా, ఇచ్చెయ్యాలా

ఇప్పుడు 1850 అడుగుతున్నాడు, మూడు నెలలు ఉంచుదాం అనుకున్నారు. మీ నెత్తి మీద నూటికి రెండు రూపాయల అప్పు ఉంటే నెలకి బస్తా మీద 37 రూపాయలు వడ్డీ, మూడు నెలలకి 111. నిల్వకి తేమ 14కి దించాలి, 17 నుంచి 14కి ఆరితే 80 కేజీల బస్తాలో ఇంకో మూడు కేజీలకి కాస్త తక్కువ పోతుంది, అది 65 రూపాయలు. ఎలకలు, మళ్లీ ఎత్తుడు దింపుడు కలిపి ఇంకో ఇరవై. మొత్తం 196. అంటే ఫిబ్రవరి మార్చిలో 2046 వస్తే ఇవాళ్టి 1850కి సమానం, అంతకు పైన వచ్చిందే లాభం. అప్పు లేనివాడికి అదే లెక్క 1935కి తేలిపోతుంది. ఒకే ఊళ్లో ఒకే ధాన్యం ఒకడు ఉంచడం తెలివి, ఇంకొకడు ఉంచడం తెలివితక్కువ అయ్యేది ఇందుకే, పక్కింటాయన ఉంచాడని మనం ఉంచకూడదు. పైగా మద్దతు ధరకి కొనే సీజన్ అయిపోయాక ధర దిగితే పట్టుకునేవాడు ఉండడు.

నేను చేసేది, చుట్టాలకి చెప్పేది ఇలా ఉంటుంది. తిండి గింజలు, విత్తనం పక్కన పెట్టాక మిగిలినదాంట్లో ముందు అప్పులు, కోత కూలి తీరడానికి ఎంత కావాలో అంత వెంటనే అమ్మెయ్యడం, రేటు ఎలా ఉన్నా. తరవాత ఎక్కువ భాగం ప్రభుత్వ కొనుగోలుకి. ఆఖర్న ఒక నాలుగో వంతు, అదీ ఆరిపోయి, చెక్క పలకల మీద గోడకి అడుగు దూరంలో పెట్టుకునే చోటు ఉంటేనే, ఉంచడం. ఉంచినదానికి ముందే ఒక అంకె, ఒక తేదీ రాసుకోవాలి, ఉదాహరణకి 2100 వస్తే ఇచ్చేస్తా, రాకపోయినా మార్చి 15కి ఇచ్చేస్తా అని. 2100 వచ్చిన రోజున 2200 మీద ఆశ పుడుతుంది, అప్పుడు ఆ కాగితం తీసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. ఉగాది దాటితే రబీ ధాన్యం వస్తుంది, గోదావరి జిల్లాల దాళ్వా మొత్తం మార్కెట్లో పడుతుంది, ఇంక ఎవరూ మీ పాత ధాన్యం వంక చూడరు.

మినుములు, పెసలు ఉంచేటప్పుడు పద్ధతి వేరు, రెండు మూడు ఎండలు బాగా కొట్టించి, చల్లారాక గాలి చొరబడని సంచుల్లో గట్టిగా మూతి కట్టాలి, పుచ్చు పురుగు పట్టిందంటే నెల రోజుల్లో సగం గింజకి బొక్కలు పడతాయి. పెసలు కొంచెం పప్పు పట్టించి ఊరికి వచ్చిన సిటీ చుట్టాలకి అమ్మండి, వాళ్లు సూపర్ మార్కెట్ రేటు ఇవ్వడానికి మొహమాటపడరు, తూకం మాత్రం ఎక్కువ వెయ్యమంటారు.

నోట్‌బుక్కులో ఆఖరి పేజీలో నాలుగు గడులు గీసుకోండి, అమ్మిన తేదీ, తేమ, తరుగు పోగా కేజీకి పడిన ధర, డబ్బు చేతికొచ్చిన తేదీ. జూన్‌లో విత్తనం కొనడానికి వెళ్లేటప్పుడు ఆ పేజీ ఒక్కటి చూసుకుని వెళ్తే చాలు.